ఆయిలు ఊళ్ళో అంట్లూ, బట్టలూ, ఒక కళ్ళజోడూ

ప్రయాణాల మీద పాఠకులు అడిగే ప్రశ్నలకు జవాబుల శీర్షిక. జవాబులు రాస్తున్నది ఆమదాలవలసలో సబ్‌పోస్టుమాస్టరుగా రిటైరై, ఇప్పుడు శ్రీకాకుళంలో ఉంటున్న మా పాత పాఠకురాలే.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది రాజాం. మా అబ్బాయి హ్యూస్టన్‌లో ఉంటాడు. వచ్చే మార్చిలో మేమిద్దరం వాడి దగ్గరికి వెళ్తున్నాం. ఆర్వీ అట, ఇల్లులాంటి బండి, దాన్ని అద్దెకు తీసుకుని పది రోజులు తిప్పుతానంటున్నాడు. కార్ల్స్‌బాడ్ గుహలు, తెల్ల ఇసుక దిబ్బలు చూపిస్తాడట. మధ్యలో ఆర్టీషియా అనే చిన్న ఆయిలు ఊళ్ళో ఒక రోజు ఆగి "పనులన్నీ చేసేసుకుందాం" అంటున్నాడు. అంత దూరం పోయి ఒక రోజంతా బట్టలుతుక్కోవడానికా అని మా వారి విసుగు. నాకేమో ఇంగ్లీషు అంతంత మాత్రం. మీరు ఆ దారిన వెళ్ళొచ్చానని ఒకసారి రాశారు. అక్కడ ఏం పనులుంటాయి, ఏం చూసుకోవాలి?
— ఒక గృహిణి, రాజాం

జవాబు: మీ వారికి నా మాటగా చెప్పండమ్మా, ఆ ఒక్క రోజూ తీసేస్తే మిగతా తొమ్మిది రోజులూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు. ఆర్వీకి బయట విహారం, లోపల సంసారం. నాలుగైదు రోజులు గడిచేసరికి మంచినీళ్ళ ట్యాంకు అడుగంటుతుంది, వాడిన నీళ్ళ ట్యాంకు నిండుతుంది, విడిచిన బట్టల సంచి సీటెక్కి కూర్చుంటుంది. మన సాలూరు లారీవాళ్ళని అడగండి. బియ్యం, స్టవ్వు, నీళ్ళ క్యాను క్యాబిన్లో పెట్టుకుని రాయపూర్ దాకా పోయినవాళ్ళకి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

మేము 2023 మార్చిలో వెళ్ళాం. మా అమ్మాయి, అల్లుడు, మా వారు, నేను. డాలస్‌లో బయల్దేరి, పీకోస్ మీదుగా 285 నంబరు రోడ్డెక్కి, న్యూ మెక్సికోలోకి. గుహలు చూశాక మీ అబ్బాయి చెప్పిన ఊళ్ళోనే ఆగాం. కార్ల్స్‌బాడ్ నుంచి అరవై కిలోమీటర్లు ఉంటుందేమో. అక్కణ్ణుంచి 82 నంబరు రోడ్డు పడమటికి కొండలెక్కి, అవతల తెల్ల ఇసుక వైపు దిగుతుంది. అంటే ఆ ఊరు మన దారికి ముడి లాంటిది. మీ అబ్బాయి బాగానే ఎంచుకున్నాడు.

ఊరు రాకముందే మీకు ఏతాలు కనిపిస్తాయి. నిజం. నేను చిన్నప్పుడు మా తాతగారి మెట్టలో చూసినవే. పొడుగాటి దూలం, ఒక కొస లేవడం, ఒక కొస వంగడం. తొక్కే మనిషి మాత్రం లేడు. చేల మధ్య, ఇళ్ళ పక్కన, ఎక్కడ పడితే అక్కడ, వాటి మానాన అవి వంగి లేస్తుంటాయి. నేలలోంచి ఆయిలు తోడే పంపులవి. ఆ మొత్తం ప్రాంతాన్ని పెర్మియన్ బేసిన్ అంటారు. ఎక్కువ భాగం పడమటి టెక్సస్, మిగతాది ఆగ్నేయ న్యూ మెక్సికో. అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ ఆయిలు తీసేది అక్కడే. తమాషా ఏమంటే ఆర్టీషియా పేరు నీళ్ళ నుంచి వచ్చింది. పాతాళం నుంచి వాటంతటవే ఉబికే ఆర్టీసియన్ బావులుండేవని ఆ పేరు పెట్టారు. 1920లలో ఆయిలు పడింది. పేరు నీళ్ళది, బతుకు నూనెది.

ఆ సాయంత్రం మా బండిలో చిన్న రభస జరిగింది. ఆర్వీలు నిలుపుకునే పార్కులో బండి పెట్టి తలుపు తీయగానే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. మా వారు అల్లుడి వైపు చూశారు. "ఏటి బాబూ, ఆ ట్యాంకు మూత సరిగ్గా పెట్టలేదా?" అల్లుడు పాపం చేతికి తొడుగులేసుకుని, టార్చి పట్టుకుని బండి కిందకి దూరాడు. మూతలన్నీ బిగించే ఉన్నాయి. పక్క బండి ఆయన వచ్చి నవ్వి, చెయ్యి గాలి వైపు చూపించాడు. ఊరి నడుమే, రెండు పెద్ద రోడ్లు కలిసే చోటికి కూతవేటు దూరంలో, రిఫైనరీ ఉంది. చుట్టూ బావులున్నాయి. ఆయిలుతో పాటు వచ్చే గంధకపు వాయువు, హైడ్రోజన్ సల్ఫైడ్, దాని వాసన అది. ఊళ్ళో గాలి వాలును బట్టి లీలగా వచ్చి పోతుంది, దానికి కంగారు పడకండి. కానీ బావుల దగ్గర అదే వాయువు ప్రాణం తీస్తుంది. పైగా ఎక్కువైతే ముక్కు దాన్ని పసిగట్టడం మానేస్తుంది. అందుకే హైవే మీంచి పక్కకి చీలే తెల్ల మట్టి రోడ్లున్నాయే, వాటిలోకి ఫోటోల కోసమని బండి తిప్పొద్దని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి. అవి బావులకి వెళ్ళే దారులు, మనవి కావు. మొదట్లోనే బోర్డులుంటాయి.

ఆ రాత్రి రిఫైనరీ దీపాలు చూసి మా వారే అన్నారు, "సిరిమాను రోజు విజయనగరం కోటలా ఉందే" అని. అల్లుడికి అదే క్షమాపణ అనుకోవాలి.

ఇక పనులు.

పొద్దున్నే పోస్టాఫీసు. మీకు ఈ పని ఉండకపోవచ్చు, కానీ నేను చెప్పకుండా ఉండలేను. గుహల్లో మెట్ల దగ్గర నా చదువుకునే కళ్ళజోడు జారి విరిగింది. రెండోది డాలస్ ఇంట్లో ఉంది. అమ్మాయి స్నేహితురాలి దగ్గర ఇంటి తాళం ఉంది. పంపుతుంది సరే, ఎక్కడికి పంపుతుంది? మనకి ఇల్లు లేదు, చక్రాలున్నాయి. అప్పుడు నా ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు పనికొచ్చింది. మన దగ్గర పోస్ట్ రెస్టాంట్ అంటాం చూడండి, ఊరికి చేరాక మనమే కౌంటరు దగ్గరికెళ్ళి తీసుకునే ఉత్తరం. వాళ్ళు దాన్ని జనరల్ డెలివరీ అంటారు. పేరు, దాని కింద జనరల్ డెలివరీ, దాని కింద ఊరు, రాష్ట్రం, జిప్ కోడ్, అంటే వాళ్ళ పిన్ కోడ్. అంతే. మామూలుగా పదిహేను రోజులు అట్టేపెడతారు. ఫోటో గుర్తింపు కార్డు చూపించాలి. రోడ్డు మీద నెలల తరబడి ఉండే ఆర్వీ వాళ్ళందరూ మందులూ, బ్యాంకు కార్డులూ ఇలాగే తెప్పించుకుంటారు.

మా వారు "లేవండి, తొమ్మిదైంది, తెరిచేస్తారు" అని అందరినీ తరిమారు. వెళ్ళి చూస్తే తలుపులు మూసి ఉన్నాయి. టెక్సస్ దాటినప్పుడే గంట వెనక్కి వెళ్ళింది. అందరి ఫోన్లూ వాటంతటవే మారాయి, మా వారి హెచ్‌ఎంటీ వాచీ మారలేదు. చలిగాలిలో గంట నిలబడ్డాం. మీరు తిరుగు ప్రయాణంలో టెక్సస్‌లోకి వచ్చేటప్పుడు ఇదే గంట పోతుంది, మూసేసే వేళ ఏదైనా పనుంటే అది గుర్తుంచుకోండి. పైగా మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారాలన్నీ గంట ముందుకు జరుపుతారు.

కౌంటరులో కుర్రాడు నా పాస్‌పోర్టు చూశాడు, పార్సెల్ చూశాడు, తల అడ్డంగా ఊపాడు. స్నేహితురాలు పార్సెల్ మీద నా ముద్దుపేరు రాసింది, ఇంట్లో అందరూ పిలిచేది. పాస్‌పోర్టులో ఇంటిపేరుతో సహా బారెడు పేరు. అమ్మాయి బతిమాలబోయింది. నేనే ఆపాను. ఆ సీట్లో నేనున్నా ఇవ్వను! అదృష్టం కొద్దీ రెండో వరసలో "కేరాఫ్" అని అమ్మాయి పేరు ఉంది. తన లైసెన్సు చూపించి సంతకం పెట్టి తీసుకుంది. నేనూ ఇదే ఉద్యోగం చేశానని అమ్మాయి చేత చెప్పించాను. ఆ కుర్రాడు లేచి నిలబడి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. మీ పార్సెల్ ఏదైనా వస్తే పాస్‌పోర్టులో ఉన్న పేరు అక్షరం పొల్లుపోకుండా రాయించండి.

తరవాత బట్టలు. ఊరంతటికీ లాండ్రోమ్యాట్‌లు ఉంటాయి, మనమే మెషీన్లో వేసి, ఉతికి, ఆరబెట్టుకుని తెచ్చుకోవాలి. వీటికి పాతిక సెంట్ల బిళ్ళలు కావాలి, క్వార్టర్ అంటారు, నాలుగు కలిపితే డాలరు. ఇప్పుడు కొన్నిచోట్ల కార్డు కూడా తీసుకుంటున్నారుగానీ నమ్ముకోవద్దు. బ్యాంకులో పది డాలర్లిస్తే నలభై బిళ్ళల చుట్ట ఇస్తారు, ముందు రోజే తీసుకోండి. మేము తీసుకోలేదు. చిల్లర మార్చే యంత్రం ఆ రోజు పనిచేయలేదు. అక్కడున్న ఒకతను తన జేబులోంచి గుప్పెడు బిళ్ళలు తీసి మెషీన్ మీద పెట్టాడు. అతని గురించి ఈ శీర్షికలోనే చివర్లో రాస్తాను.

ఆయిలు ఊరి లాండ్రోమ్యాట్‌లో మీరు చూసుకోవాల్సింది గోడ మీది నోటీసు. ఆయిలు పనివాళ్ళ బట్టలు అన్ని మెషీన్లలో వేయనివ్వరు. వాటికని కొన్ని విడిగా పెడతారు. నల్ల జిడ్డు, డ్రిల్లింగు బురద. ఎన్నిసార్లు ఉతికినా డ్రమ్ములో ఆ వాసన మిగిలిపోతుంది. ఖాళీగా ఉంది కదా అని నేను మూల మెషీన్ మూత తీశాను. అమ్మాయి నోటీసు చదివి చెయ్యి పట్టుకుని లాగింది. లేకపోతే మా దుప్పట్లు తెల్ల ఇసుక చూడకుండానే నల్లబడేవి. బట్టలు వేసేముందు మూత తీసి ఒకసారి వాసన చూడండి, దీనికి ఇంగ్లీషు అక్కర్లేదు.

నూలు చీరలు పట్టికెళ్ళకండి. నేను ముచ్చటపడి పొందూరు ఖద్దరు చీర ఒకటి పెట్టుకున్నాను. ఆరబెట్టే మెషీన్ దాన్ని తాడులా పేనేసింది. బయట తాడు కట్టి ఆరేసుకోవడానికి చాలా ఆర్వీ పార్కుల్లో ఒప్పుకోరు, ఒప్పుకున్నా మార్చిలో అక్కడి గాలికి చీర మెక్సికో చేరుతుంది. ఆ గాలి మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. బండి పక్కన గుడ్డ పందిరి ఒకటి విప్పుకోవడానికి ఉంటుంది. షాపింగుకి వెళ్ళేటప్పుడు దాన్ని మడవకుండా పోవద్దు.

ఏ వేళకి వెళ్ళాలన్నది ముఖ్యం. ఆయిలు పనికి పగలూ రాత్రీ లేదు. పన్నెండేసి గంటల షిఫ్టులు. షిఫ్టు దిగేవేళ లాండ్రోమ్యాట్, పెట్రోలు బంకు, తినే హోటలు, అన్నీ ఆమదాలవలస సంతరోజులా ఉంటాయి. ఆదివారం సంగతి చెప్పనక్కర్లేదు. మంగళ, బుధ, గురువారాల్లో పొద్దున తొమ్మిది పది గంటల మధ్య వెళ్తే హాయి. రోడ్డు సంగతీ అంతే. బావుల అడుగున రాయిని పగలగొట్టడానికి ఇసుక మోసే లారీలు, నీళ్ళు మోసే ట్యాంకర్లు 285 మీద ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతుంటాయి. చీకటితో బయల్దేరడం, పొద్దుగుంకాక చేరడం రెండూ పెట్టుకోవద్దని చెప్పండి. పార్కులో చోటు కూడా ముందే బుక్ చేసుకోవాలి. బయటికి ఖాళీ ఊరిలా కనిపిస్తుంది గానీ, ఆర్వీ పార్కుల్లో సగం పైగా పనివాళ్ళే నెలల లెక్కన ఉంటారు. మనం విహారానికి వెళ్తే వాళ్ళకదే కాపురం. పగలు నిద్రపోయేవాళ్ళుంటారు, కాబట్టి పక్క బండి కిటికీలు మూసి ఉంటే గొంతు తగ్గించి మాట్లాడండి. మా వారికి ఇది నేర్పడానికి నాకు నలభై ఏళ్ళు చాల్లేదు, ఆ పార్కు మేనేజరు ఒక్క చూపుతో నేర్పింది.

సరుకులు. ఇండియన్ షాపు ఉండదు, వెతకొద్దు. మెక్సికన్ షాపుకి వెళ్ళండి. నేను లోపలికెళ్ళి ఏడుపొచ్చినంత పని అయింది. కొత్తిమీర కట్టలు కట్టలు, పేరు సిలాంట్రో. పచ్చిమిర్చి నాలుగు రకాలు. సెరానో అనేది మన మిరపకాయకి దగ్గర. చింతకాయలు పెంకుతో సహా, వాళ్ళు చింతపండుని తామరిందో అంటారు. గరాటు అచ్చులో పోసినట్టు బెల్లం ముద్దలు, పేరు పిలోన్‌సీయో. అన్నిటికన్నా వింత, డబ్బాలో పచ్చి కందులు! గండూలెస్ అని రాసుంటుంది, మన కందికాయే. కందిపప్పు దొరక్క పెసరపప్పుతో నెట్టుకొస్తున్న మేము ఆ రాత్రి కందుల పులుసు పెట్టుకుని తిన్నాం. సాంబారు పొడి, ఇంగువ, ఆవాలు మాత్రం ఇంటి నుంచి పట్టికెళ్ళండి. ఇంగువ డబ్బా రెండు కవర్లలో పెట్టండి, లేకపోతే బండి అద్దెకిచ్చినవాళ్ళు తిరిగి తీసుకునేటప్పుడు ఆ వాసన కూడా ఆయిలు ఊరిదేననుకుంటారు.

గ్యాసు. ఇక్కడ మాట తేడా ఉంది. అమెరికాలో గ్యాస్ అంటే పెట్రోలు. పొయ్యికీ, హీటరుకీ వాడేదాన్ని ప్రొపేన్ అనాలి. చాలా బళ్ళకి ఆ ట్యాంకు అడుగున బిగించే ఉంటుంది, సిలిండరులా ఊడదీసి మార్చడానికి కుదరదు. బండినే నింపే చోటుకి తోలుకెళ్ళాలి. నింపడం అక్కడి మనిషి పని, మనం ముట్టుకోకూడదు. ముందే పొయ్యి, ఫ్రిజ్, హీటరు అన్నీ ఆపి, అందరూ దిగాలి. నిండా పోయరు. ఎనభై శాతం దగ్గర ఆపేస్తారు, ఎండకి ద్రవం ఉబ్బుతుంది కాబట్టి. "పూర్తిగా డబ్బులిచ్చి ముప్పాతికే పోయించుకున్నాం" అని మా వారు శ్రీకాకుళం వచ్చాక కూడా అందరికీ చెప్పారు. అలాక్కాదు, పోసినదానికే డబ్బు.

నీళ్ళు పట్టేటప్పుడు కొళాయి మీద తాగే నీళ్ళని రాసుందో లేదో చూడాలి. మురుగు వదిలే చోట ఇంకో కొళాయి ఉంటుంది, గొట్టాలు కడుక్కోవడానికి. అది తాగడానికి పనికిరాదు. మంచినీళ్ళకి తెల్ల గొట్టం వేరే ఉంచుతారు, దాన్ని దేనికీ కలపొద్దు. మడి అనుకోండి.

మందులు మాత్రం ఆ ఊళ్ళో కొనుక్కుందామనుకోవద్దు. మన డాక్టరు చీటీ అక్కడి మందులషాపులో చెల్లదు. బీపీ, షుగరు బిళ్ళలు ప్రయాణానికి సరిపడా కాక ఇంకో పదిహేను రోజులవి అదనంగా, చీటీతో సహా, చేతి సంచిలోనే పెట్టుకోండి. జ్వరం బిళ్ళ చీటీ లేకుండా దొరుకుతుంది గానీ పారాసెటమాల్ అంటే చాలామందికి తెలీదు. అసిటమినోఫెన్ అని రాసుంటుంది, రెండూ ఒకటే.

ఇవన్నీ అయ్యేసరికి మాకు మధ్యాహ్నం మూడైంది. మిగిలిన పొద్దు ఊరు చూశాం. మెయిన్ స్ట్రీట్‌లో డ్రిల్లింగు పనివాళ్ళ కంచు విగ్రహాలున్నాయి, నిలువెత్తుకన్నా పెద్దవి. గొలుసు పట్టుకుని లాగుతున్న ఆ చేతుల నరాలు కూడా కనిపిస్తాయి. మన కూడళ్ళలో పనిచేస్తున్న మనిషి విగ్రహం ఎక్కడైనా ఉందా అని బండిలో చాలాసేపు లెక్కపెట్టుకున్నాం. అదే ఊళ్ళో భూమి లోపల కట్టిన బడి ఒకటుంది, అబో ఎలిమెంటరీ స్కూలు. 1962లో అణుబాంబుల భయానికి బడీ, దాక్కునే చోటూ ఒకటిగా కట్టారు. పైకప్పే పిల్లల ఆటస్థలం. 1995లో మూసేశారు. మీ వారికి అది చెప్పండి, పనుల రోజుకి ఒప్పుకుంటారేమో.

ప్రశ్న: ఆ బండిలో మరుగుదొడ్డి ఉంటుందంటున్నారు. దాన్ని ఎవరు ఖాళీ చేస్తారు? మొహమాటం లేకుండా చెప్పండి.
— రిటైర్డు టీచరు, బొబ్బిలి

జవాబు: అల్లుడు.

కొంచెం వివరంగా అంటే, బండి కింద రెండు ట్యాంకులుంటాయి. మరుగుదొడ్డిది నల్ల ట్యాంకు, స్నానం, అంట్లవి బూడిద రంగు ట్యాంకు. మురుగు వదిలే చోట లావుపాటి గొట్టం బిగించి, ముందు నల్లది వదలాలి, తరవాత బూడిదది. అప్పుడు సబ్బునీళ్ళు గొట్టాన్ని కడిగేస్తాయి. తిరగేసి చేస్తే ఏమవుతుందో మీ ఊహకే వదిలేస్తున్నాను. పెద్ద లారీలు ఆగే బంకుల్లో చాలాచోట్ల ఇందుకు డబ్బు తీసుకుని చోటిస్తారు. రబ్బరు తొడుగులు తప్పనిసరి. ఆ పని చేసేటప్పుడు మామగారు పక్కన నిలబడి సలహాలివ్వకపోతే ఇంట్లో శాంతి.

ప్రశ్న: ఇరవై రెండేళ్ళు లారీ నడిపాను. నేను వెళ్తే ఆ ఆర్వీ నడపనిస్తారా?
— చీపురుపల్లి

జవాబు: మన రవాణా ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇస్తారు. ఏడాది చెల్లుతుంది. అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి. అయితే రూలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది, పైగా బండి అద్దెకిచ్చేవాళ్ళు, ఇన్సూరెన్సు వాళ్ళు ఒప్పుకోవాలి. బుక్ చేసేటప్పుడే మీ పేరు రెండో డ్రైవరుగా రాయించమని అడగండి. ఒప్పుకుంటే మీకు బండి సైజు కొత్త కాదు, రోడ్డుకి కుడివైపు నడపడమే కొత్త. బండి ఎత్తు ఎంతో అంకె చీటీ మీద రాసి అద్దం దగ్గర అతికించుకోండి. బంకు కప్పులు, చెట్టుకొమ్మలు కూడా చూసుకోవాలి.

ప్రశ్న: అమ్మా, మాది కవిటి దగ్గర. ఇది ప్రయాణం ప్రశ్న కాదేమో. మా ఆయన గల్ఫ్‌లో ఆయిలు కంపెనీ పనికి వెళ్ళి ఆరేళ్ళయింది. పైపుల వెల్డింగు. రెండేళ్ళకోసారి వస్తారు. మీరు అమెరికాలో ఆయిలు ఊరు చూశానని అన్నారట, మా ఆడపడుచు చదివి చెప్పింది. అక్కడి పనివాళ్ళు కుటుంబాలతో ఉంటారా? వాళ్ళూ మావాళ్ళలాగే ఉంటారా?
— కవిటి మండలం

జవాబు: ప్రయాణం ప్రశ్నేనమ్మా. నిజానికి మా పది రోజుల దాని కన్నా మీ ఆయన ఆరేళ్ళదే పెద్ద ప్రయాణం.

ఊళ్ళో పుట్టి పెరిగిన వాళ్ళకి ఇళ్ళూ వాకిళ్ళూ ఉన్నాయి. బయటి నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఒంటరిగానే ఉంటారు. మేము దిగిన పార్కులో మా రెండు పక్కలా వాళ్ళ బళ్ళే. బండి ముందు మెట్టు మీద బురద పట్టిన బూట్లు ఒక జత, లోపల ఒక మంచం. రెండు వారాలు పని, ఒక వారం ఇంటికి. ఇది మన వాళ్ళ కన్నా నయమే, రెండేళ్ళు ఆగక్కర్లేదు. కానీ ఆ ఒక వారంలో రెండు రోజులు రోడ్డు మీదే పోతాయట.

మాకు చిల్లర బిళ్ళలిచ్చిన అతను చెప్పాడు. లూసియానా మనిషి. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. నా ఇంగ్లీషు కౌంటరు ఇంగ్లీషు, అతనిది సాగదీసే ఇంగ్లీషు. మధ్యలో అమ్మాయి. అయినా మా పిండిన బట్టలు ఆరే నలభై నిమిషాల్లో చాలా మాట్లాడుకున్నాం. మీరెక్కడి వాళ్ళని అడిగితే ఇండియా అన్నాను. తనతో సౌదీలో ఒక ఇండియన్ వెల్డరు పనిచేశాడనీ, అంత సన్నటి అతుకు ఇంకెవరూ వేయగా చూడలేదనీ అన్నాడు. ఏ ఊరని అడిగాను. గుర్తులేదన్నాడు. సముద్రం పక్కన, కొబ్బరిచెట్ల ఊరు అని ఆ వెల్డరు ఫోటో చూపించేవాడట. కొబ్బరిచెట్లూ సముద్రమూ కేరళలోనూ ఉన్నాయి, నాకు తెలుసు. అయినా నేను మీ ఉద్దానమే అనుకున్నాను.

నేను సోంపేటలో పోస్టల్ అసిస్టెంటుగా మూడేళ్ళు చేశాను. అప్పట్లో ఫోన్లు లేవు. నీలం రంగు విమానం ఉత్తరాలొచ్చేవి. చదవడం రాని ఆడవాళ్ళు కౌంటరు పక్కకొచ్చి నిలబడేవారు, రద్దీ తగ్గాక నేను చదివి పెట్టేదాన్ని. డబ్బు ఎంత పంపాడన్నది మొదటి రెండు వరసల్లో ఉండేది. తరవాతదంతా ఏం తిన్నాడు, ఎవరు వండారు, బట్టలెవరు ఉతుకుతున్నారు. "నా బట్టలు నేనే ఉతుక్కుంటున్నాను, నువ్వు నవ్వకు" అని ఒకాయన రాశాడు. ఆవిడ నిజంగానే నవ్వింది. ఆ తరవాత కొంగుతో మొహం తుడుచుకుంది.

లాండ్రోమ్యాట్‌లో అతను బట్టలు మడత పెట్టే తీరు చూస్తూ కూర్చున్నాను. పని బట్టలు నిప్పంటుకోనివట, వాటిని మూల మెషీన్లో ఉతికి, గట్టిగా దులిపి, ఒక దొంతర పెట్టాడు. ఒక నీలం గళ్ళ చొక్కా మాత్రం వేరే మెషీన్లో, వేరే సబ్బుతో. దాన్ని ఆ దొంతరలో కలపలేదు. చేత్తో ఇస్త్రీ చేసినట్టు రాసి, హ్యాంగరుకి తగిలించి, కిటికీ కమ్మీకి వేలాడదీశాడు. ఇంటికెళ్ళేరోజు వేసుకునేది అన్నాడు. ఇంకా అయిదు రోజులుంది.

అంతలో అతని ఫోను మోగింది. కూతురు. ఆరేడేళ్ళ పిల్ల. ఫోనుని మెషీన్ అద్దం వైపు తిప్పి గిరగిరా తిరుగుతున్న బట్టలు చూపించాడు, తరవాత ఆ గళ్ళ చొక్కా చూపించాడు, తరవాత నా చీర చూసి ఆ పిల్ల ఏదో అడిగినట్టుంది, ఫోను నా వైపు తిప్పాడు. నేను చెయ్యి ఊపాను. పళ్ళు ఊడిన నోటితో నవ్వుతూ తనూ ఊపింది.